పేరున్న తుపాకులు కొన్నవారిని ఎందుకు నిరాశపరిచాయి

మీరు అడిగిన విషయాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుని సమాధానానికి వస్తాను. పేరున్న కంపెనీ తయారుచేసిన, పరీక్షించినవారు బాగా మెచ్చుకున్న ఒక చిన్న 9 మి.మీ. పిస్తోలును మీరు కొన్నారు. తీరా చేతికి వచ్చాక అది మ్యాగజైన్ (తూటాల పెట్టె) ఖాళీ అయ్యేలోపే ఒకటి రెండుసార్లు మొరాయిస్తోంది. ఇలా కొన్నవారిని నిరాశపరిచిన తుపాకులు ఇంకా ఏమున్నాయి, వాటిలో లోపం ఎక్కడ ఉంది, మీ పిస్తోలు విషయంలో ఏం చూసుకోవాలి అని అడిగారు. తుపాకుల మరమ్మతే వృత్తిగా బతికినవాడిని కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

నా బల్ల మీదికి వచ్చిన నిరాశల్లో మొదటి గీత నుంచే తప్పుగా రూపొందించిన తుపాకులు చాలా తక్కువ. ఎక్కువ భాగం కథ ఒకే తీరుగా ఉంటుంది: పరీక్షలో నెగ్గిన తుపాకీ ఒకటి, కొన్నవారి చేతికి అందిన తుపాకీ మరొకటి. పేరు అదే, బొమ్మ అదే. కానీ మధ్యలో తూటాలోని మందు మారి ఉంటుంది, లేదా తయారీ ఖర్చు తగ్గించడానికి ఒక భాగాన్ని మార్చి ఉంటారు, లేదా ఒక రకమైన పనికి చేసిన ఆయుధాన్ని ఇంకొక రకమైన పనికి పంపి ఉంటారు. ఈ మార్పు ఎక్కడ జరిగిందో పట్టుకుంటే లోపం సగం దొరికినట్టే.

దీనికి అన్నిటికన్నా స్పష్టమైన, అన్నిటికన్నా బాధాకరమైన ఉదాహరణ వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికులకు ఇచ్చిన ఎం-16 రైఫిల్. ఎం-16కు మాతృక అయిన, యూజీన్ స్టోనర్ రూపొందించిన ఏఆర్-15 తొలి పరీక్షల్లో మంచి పేరు తెచ్చుకుంది. ఆ పరీక్షలు జరిగింది డ్యూపాంట్ కంపెనీ ఐఎంఆర్ రకం మందు నింపిన తూటాలతో. 1964లో సైన్యం దాని స్థానంలో బాల్ పౌడర్ అనే వేరే రకం మందుకు అనుమతి ఇచ్చింది. కొత్త మందుతో నిమిషానికి పేలే తూటాల సంఖ్య రూపకర్త అనుకున్నదానికన్నా పెరిగింది, లోపల మసి కూడా ఎక్కువగా పేరుకోసాగింది. దానికి తోడు తూటా కూర్చునే ఛాంబర్ లోపలి గోడకు క్రోమియం పూత లేదు. అడవిలోని తేమకు ఆ గోడ మీద సన్నని తుప్పు గుంటలు పడేవి, కాల్చినప్పుడు ఉబ్బిన ఇత్తడి కేస్ (తూటా గుల్ల) ఆ గుంటలను కరుచుకుని ఉండిపోయేది. ఖాళీ కేస్‌ను పట్టి లాగే ఎక్స్‌ట్రాక్టర్ అనే కొక్కెం బలంగా లాగితే కేస్ అంచు తెగిపోయేదే తప్ప కేస్ కదిలేది కాదు. అప్పుడు సైనికుడు, ఎదుటివాడు తనపై కాల్పులు జరుపుతుండగానే, క్లీనింగ్ రాడ్‌ను అతికించుకుని బ్యారెల్ మూతి నుంచి దించి, ఇరుక్కున్న కేస్‌ను పొడిచి బయటికి తోయాలి. ఈ రైఫిల్‌ను శుభ్రం చేయాల్సిన పని పెద్దగా ఉండదన్న మాట ప్రచారంలో ఉండటం వల్ల చాలామందికి ఆ రాడ్ కూడా అందలేదు. 1967లో ఇచోర్డ్ నాయకత్వంలోని అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం విచారణ జరిపి మందు మార్చిన తీరును గట్టిగా తప్పుపట్టింది. ఛాంబర్‌కు క్రోమియం పూత, కదిలే భాగాల వేగాన్ని అదుపుచేసే బఫర్‌లో మార్పు, శుభ్రపరిచే కిట్లు వచ్చాక అదే రైఫిల్ కుదురుకుని దశాబ్దాలపాటు సేవలో నిలిచింది. ఆ మూడింటిలో ఒక్కటీ అప్పటికి తెలియని విద్య కాదు. ముందే చేసి ఉంటే ఎందరో కుర్రవాళ్ళు ఇళ్ళకు చేరేవారు, అందుకే ఈ తుపాకీ సంగతి వచ్చినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

అంతకు సుమారు అర్ధ శతాబ్దం ముందు కెనడా సైనికులకు రాస్ రైఫిల్‌తో ఇలాంటి అనుభవమే ఎదురైంది. సర్ చార్లెస్ రాస్ రూపొందించిన ఈ రైఫిల్‌లో, ఛాంబర్‌ను వెనుక నుంచి మూసే బోల్ట్‌ను పైకి తిప్పే పని లేదు, నేరుగా వెనక్కి లాగి ముందుకు తోస్తే చాలు. గురిలో దానికి తిరుగు లేదు. ఇంగ్లండ్‌లోని బిస్లీ గురి పోటీల్లో బహుమతులు గెలిచింది. కానీ తిప్పి తెరిచే బోల్ట్, బిగుసుకున్న కేస్‌ను ముందు మెలితిప్పి సడలించి ఆ తర్వాత లాగుతుంది. నేరుగా లాగే రాస్ బోల్ట్‌కు ఆ బలం చాలా తక్కువ. పైగా గురి కోసం ఛాంబర్‌ను బిగువుగా చేశారు, యుద్ధకాలంలో హడావుడిగా తయారైన బ్రిటిష్ తూటాల కొలతలేమో అంత కచ్చితంగా లేవు. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జరిగిన రెండో పోరులో, బురదలో, వరుసగా కాల్చవలసి వచ్చినప్పుడు బోల్టులు బిగుసుకుపోయాయి, వాటిని బూటు కాళ్ళతో తన్ని తెరవాల్సి వచ్చింది. వెనక్కి లాగిన ప్రతిసారీ బోల్ట్ తల మీది తాళపు పన్నుల్లో ఒకటి, బోల్ట్‌ను ఆపే స్టాప్‌కు కొట్టుకుని నలిగేది. నలిగిన పన్నుతో మూయడం ఇంకా కష్టమయ్యేది. దీనికితోడు, మూడో రకం రాస్‌లో శుభ్రం చేశాక బోల్ట్‌ను తప్పుగా బిగించినా అది రైఫిల్‌లోకి దూరేది. తాళం పడకుండానే పేలి, కాల్చినవారి ముఖం మీదికి వచ్చే ప్రమాదం ఉండేది. ఎందరో సైనికులు చనిపోయిన బ్రిటిష్ వారి పక్కన పడి ఉన్న లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళను ఏరుకున్నారు. 1916 నాటికి రాస్‌ను ముందు వరుసల నుంచి తీసేశారు, అయితే గురికాండ్రు మాత్రం దాన్ని వదల్లేదు. ఒక్కో తూటాను ఏరుకుని, తుడుచుకుని, తీరికగా కాల్చేవారికి అది చాలా మంచి రైఫిల్. కందకంలోని పదాతి సైనికుడికి ఆ తీరిక లేదు.

ఇవి సైన్యాల సంగతులు. సొంత డబ్బు పెట్టి కొన్నవారి దగ్గరికి వస్తే, పనితీరుతో సంబంధం లేని కారణం రూపకల్పనను వంచిన ఉదాహరణగా 1911లో వించెస్టర్ విడుదల చేసిన మోడల్ 1911 షాట్‌గన్‌ను చెప్పాలి. జాన్ బ్రౌనింగ్ తన స్వయంచాలక షాట్‌గన్ విషయంలో వించెస్టర్‌తో బేరం కుదరక దాన్ని బెల్జియంలోని ఎఫ్ఎన్ కంపెనీకి ఇచ్చారు. పోటీకి సొంత షాట్‌గన్ తేవాలనుకున్న వించెస్టర్‌కు ఆయన పేటెంట్లు అడ్డు వచ్చాయి, వాటిలో బోల్ట్‌ను లాగే పిడి కూడా ఉంది. టి.సి. జాన్సన్ అనే సమర్థుడైన రూపకర్త పిడి లేకుండానే నెట్టుకొచ్చారు: బ్యారెల్ మీద ఒకచోట గరుకుగా గళ్ళు చెక్కి, అక్కడ పట్టుకుని బ్యారెల్‌నే వెనక్కి లాగి తూటా ఎక్కించే ఏర్పాటు చేశారు. అంతా సవ్యంగా ఉన్నప్పుడు ఇది పనిచేస్తుంది. ఆ కాలపు షాట్‌గన్ తూటాలకు కాగితపు తొడుగు ఉండేది. అది తేమకు ఉబ్బి ఛాంబర్‌లో ఇరుక్కుంటే చేతి బలంతో బ్యారెల్ కదలదు. అప్పుడు మనిషి సహజంగా చేసే పని, తుపాకీ కర్ర మడమను నేలకు ఆనించి, రెండు చేతులతో బ్యారెల్‌ను కిందికి నొక్కడం. అంటే తూటా ఉన్న తుపాకీ మూతి మీదికి ముఖం వంచడం. అలా ప్రాణాలు పోయాయన్న అపకీర్తి వల్లే దానికి ‘భార్యలను విధవలను చేసే తుపాకీ’ అన్న పేరు స్థిరపడింది. దీనితోపాటు వెనుతన్నును అణచడానికి లోపల పెట్టిన నార వాషర్లు కాలక్రమంలో పొడి అయిపోయేవి, ఆ దెబ్బంతా కర్ర మీద పడి మడమ చీలేది. 1925లో దాని తయారీ ఆగిపోయింది. ఇప్పటికీ పాత వస్తువుల అమ్మకాల్లో కనిపిస్తుంది. చీలిక లేని కర్రతో కనిపించడం అరుదు. గోడకు తగిలించుకోవడానికి తప్ప కొనవద్దని నా సలహా.

నమూనాకూ సరుకుకూ మధ్య తేడా వచ్చిన పిస్తోళ్ళు చాలానే ఉన్నాయి. కోల్ట్ 1991లో తెచ్చిన ఆల్ అమెరికన్ 2000 వెనుక స్టోనర్, రీడ్ నైట్ వంటి పెద్ద పేర్లు ఉన్నాయి. బ్యారెల్ తిరుగుతూ తెరుచుకునే తెలివైన ఏర్పాటు అది. ఉత్పత్తికి వచ్చేసరికి ట్రిగ్గర్ బరువుగా, పొడవుగా తయారై, గురి నిలవక విమర్శల పాలై, 1993లో వెనక్కి పిలిపించుకోవాల్సి వచ్చి, 1994లో ఆగిపోయింది. రెమింగ్టన్ 2014లో ఆర్51 విషయంలో ఇంకా సూటిగా దెబ్బతింది. తొలి నమూనాలను కాల్చి చూసినవారు మెచ్చుకున్నారు. దుకాణాలకు వచ్చిన పిస్తోళ్ళు మాత్రం తరచుగా మొరాయించాయి, బోల్ట్ పూర్తిగా మూసుకోకముందే పేలుతున్నాయన్న ఫిర్యాదులు వచ్చాయి. ఆ ఏడాదే కంపెనీ వాటిని వెనక్కి తీసుకుంది. 1980లలో వచ్చిన బ్రెన్ టెన్‌ది మరో రకం దురదృష్టం. 10 మి.మీ. తూటాను లోకానికి పరిచయం చేసిన ఈ పిస్తోలును డోర్నాస్ అండ్ డిక్సన్ కంపెనీ మ్యాగజైన్లు సమయానికి అందక, మ్యాగజైన్ లేకుండానే చాలామందికి పంపింది. ముందుగా డబ్బు కట్టి, ఎదురుచూసి, పెట్టె తెరిస్తే ఒక్కో తూటాను చేత్తో ఎక్కించాల్సిన పిస్తోలు చేతికొచ్చింది. 1986 నాటికి కంపెనీ దివాలా తీసింది. ఆ తూటా మాత్రం బతికింది, నేటికీ దానికి అభిమానులున్నారు.

ఇంకొక రకం నిరాశ ఉంది: తుపాకీ పేలుతుంది, గురి కూడా తగులుతుంది, అయినా కొన్నవారికి మోసపోయామనిపిస్తుంది. 1964లో వించెస్టర్ తన మోడల్ 70 రైఫిల్ తయారీని చవక చేసింది. తూటా అంచును మొదటి నుంచే పట్టుకుని ఛాంబర్‌లోకి నడిపించే పెద్ద పంజా ఎక్స్‌ట్రాక్టర్ పోయి, చిన్నది వచ్చింది. కర్ర మీద చేత్తో చెక్కిన గళ్ళకు బదులు అచ్చుతో ఒత్తిన నగిషీ, బ్యారెల్‌కూ కర్రకూ మధ్య వెడల్పాటి సందు వచ్చాయి. సాంకేతికంగా చూస్తే కొత్త రైఫిల్ బలహీనమైనదేమీ కాదు, దానితో చక్కగా వేటాడినవారున్నారు. కానీ పాత రైఫిల్‌ను చేతిలో పట్టుకున్నవారు కొత్తదాన్ని ఒప్పుకోలేదు. అందుకే ఈనాటికీ 1964కు ముందువి అంటే ధర వేరు. పంజా ఎక్స్‌ట్రాక్టర్‌ను వించెస్టర్ 1990లలో మళ్ళీ తెచ్చింది. మార్లిన్ లీవర్ రైఫిళ్ళదీ ఇదే దారి. రెమింగ్టన్ ఆ కంపెనీని కొన్నాక కర్మాగారం నార్త్ హేవెన్ నుంచి ఇలియన్‌కు తరలింది. పాత యంత్రాల మొండితనం తెలిసిన పనివాళ్ళు వెంట రాలేదు. పక్కకు వాలిన సైట్లు, కర్ర-ఇనుము కలిసేచోట సందులు, గరగరలాడే లీవర్లు కొన్నేళ్ళపాటు వచ్చాయి. 2020లో రూగర్ ఆ పేరును కొని మళ్ళీ మొదలుపెట్టిన రైఫిళ్ళలో పని తేటగా ఉంది. కాబట్టి పాత లీవర్ రైఫిల్ కొనేవారు పేరును కాదు, అది ఏ కాలంలో, ఏ కర్మాగారంలో తయారైందో చూడాలి.

చాలా తేలికైన రివాల్వర్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నిరాశతో తిరిగి అమ్మకానికి వచ్చేవాటిలో అవి తరచుగా కనిపిస్తాయి. స్కాండియం కలిపిన మిశ్రమలోహపు చట్రం, టైటానియం సిలిండర్ ఉన్న 357 మ్యాగ్నమ్ రివాల్వర్ 350 గ్రాములకు అటూ ఇటూగా తూగుతుంది. జేబులో ఉన్నట్టే తెలియదు, కాల్చినప్పుడు మాత్రం అరచేయి మండిపోతుంది. నొప్పిని ఓర్చుకునేవారికి కూడా తెలియని సమస్య ఒకటుంది. తుపాకీ తేలికగా ఉన్నకొద్దీ వెనక్కి అంత వేగంగా తన్నుతుంది. సిలిండర్‌లో తమ వంతు కోసం ఉన్న తూటాల కేసులు ఆ కుదుపుతో వెనక్కి పోతాయి, బరువైన బుల్లెట్లు ఉన్నచోటే ఉండాలని చూస్తాయి. కేస్ మూతి బిగింపు సరిపోకపోతే బుల్లెట్ క్రమంగా ముందుకు జారి, సిలిండర్ ముఖం దాటి పొడుచుకొచ్చి, చట్రానికి తగిలి సిలిండర్‌ను తిరగనివ్వదు. రివాల్వర్ మొరాయించదన్న నమ్మకంతో కొన్నవారికి ఇది పెద్ద దెబ్బ. పరీక్షించడం సులువే. చివరి తూటా ఒక్కటి మిగిలేలా కాల్చి, దాన్ని తీసి, కొత్త తూటా పక్కన నిలబెట్టి పొడవు చూడండి. కంటికి తెలిసేంత పెరిగితే ఆ రకం తూటా ఆ రివాల్వర్‌కు పనికిరాదు.

ఇప్పటిదాకా చెప్పినవాటిలో ఎక్కువ భాగం పేలాల్సినప్పుడు పేలని తుపాకులు. పేలకూడనప్పుడు పేలేవి వేరే జాతి, వాటితో సర్దుకుపోవడం అన్న మాటే ఉండకూడదు. రెమింగ్టన్ 700 రైఫిల్ 1962లో వచ్చింది. గురిలో, అమ్మకాల్లో దానికి చాలా పెద్ద పేరు. దానిలోని వాకర్ ట్రిగ్గర్‌లో, ట్రిగ్గర్‌కూ, పేల్చే సూదిని ఆపి ఉంచే సియర్‌కూ మధ్య కనెక్టర్ అనే సన్నని ఉక్కు ముక్క ఉంటుంది. అది ట్రిగ్గర్‌కు బిగించి ఉండదు, స్ప్రింగ్ బలంతో దానికి ఆనుకుని ఉంటుంది. కాల్చిన ప్రతిసారీ ట్రిగ్గర్ నుంచి విడివడి మళ్ళీ వచ్చి చేరాలి. ఆ వెంట్రుకవాసి సందులోకి దుమ్మో, ఎండి జిగురైన నూనో, మంచో చేరితే పూర్తిగా వెనక్కి రాదు. సేఫ్టీ వేసి ఉన్నంతసేపూ సియర్‌ను సేఫ్టీయే ఎత్తి పట్టుకుంటుంది కాబట్టి ఏమీ తెలియదు. సేఫ్టీ తీయగానే సియర్ కిందికి దిగి, అక్కడ ఆధారం లేక, ట్రిగ్గర్‌ను ఎవరూ తాకకుండానే రైఫిల్ పేలుతుంది. 1982కు ముందు తయారైనవాటిలో సేఫ్టీ వేసి ఉంటే బోల్ట్ తెరుచుకోదు. అంటే తూటా తీసేయాలంటే సేఫ్టీ తీయక తప్పదు, ప్రమాదం ఉన్నది సరిగ్గా ఆ క్షణంలోనే. రూపకర్త మైక్ వాకర్ స్వయంగా 1948లోనే, దీనికి ముందు తరం రైఫిల్ సమయంలో, ఒక్కో రైఫిల్‌కు కొద్ది సెంట్ల ఖర్చుతో అయ్యే మార్పును సూచించినట్టు కంపెనీ పత్రాల్లో బయటపడింది. ట్రిగ్గర్‌లో లోపం లేదని కంపెనీ వాదిస్తూనే వచ్చింది, చివరికి 2014లో ట్రిగ్గర్లను మార్చి ఇచ్చే రాజీకి ఒప్పుకుంది. వాకర్ ట్రిగ్గర్ స్థానంలో 2006లో మొదలైన ఎక్స్‌మార్క్ ప్రో కూడా, లోపల జిగురు పదార్థం ఎక్కువై, అదే 2014లో వెనక్కి పిలిపించుకోవాల్సి వచ్చింది. పాత 700 ఉన్నవారు ట్రిగ్గర్‌ను మార్పించుకోకుండా దానితో వేటకు వెళ్ళకూడదని గట్టిగా చెబుతాను.

పరీక్ష నెగ్గడానికీ భద్రంగా ఉండడానికీ ఎంత దూరం ఉందో 2017లో సిగ్ పీ320 చూపించింది. నిర్ణీత కోణాల్లో కింద పడేసే పరీక్షలు అది నెగ్గింది. పిస్తోలు పైన ముందుకూ వెనక్కూ జరిగే స్లైడ్ వెనుక భాగం ఒక ప్రత్యేకమైన ఏటవాలులో నేలను తాకేలా పడితే మాత్రం, బరువైన ట్రిగ్గర్ తన జడత్వంతో తానే వెనక్కి కదిలి కొన్ని పేలాయి. ఆ ఆగస్టులో కంపెనీ తేలికపాటి ట్రిగ్గర్‌తో ఉచిత మార్పిడి ప్రకటించింది. ఇక కంటికి కనిపించని లోపానికి పాత స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 రైఫిళ్ళు సాక్ష్యం. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో 8,00,000 కన్నా తక్కువ సీరియల్ నంబరు ఉన్నవాటి రిసీవర్లను (బోల్ట్‌నూ బ్యారెల్‌నూ పట్టి ఉంచే ఉక్కు భాగాలను) కొలిమిలో కాల్చేటప్పుడు పనివాళ్ళు వేడిని రంగు చూసి అంచనా వేసేవారు. ఎండ బాగా ఉన్న రోజున ఎర్రటి ఉక్కు కంటికి తక్కువ వేడిగా కనిపిస్తుంది, ఇంకాస్త కాలుస్తారు, ఉక్కు పెళుసు బారుతుంది. అలాంటి రిసీవర్లు కొన్ని పేలిపోయాయి. ఏది మంచిదో ఏది పెళుసుదో చూసి చెప్పే ఉపాయం యజమానికి లేదు, కాబట్టి ఆ నంబర్లవాటిని కాల్చకపోవడమే సరైన పని.

మీ పిస్తోలు విషయానికి వస్తాను. చిన్న పిస్తోలులో స్లైడ్ పొట్టిది, తేలికైనది. అది వెనక్కి వెళ్ళి వచ్చే దూరం, సమయం రెండూ తక్కువ. అందుకే స్లైడ్‌ను తిరిగి ముందుకు తోసే రికాయిల్ స్ప్రింగ్ గట్టిగా ఉంటుంది, మ్యాగజైన్ స్ప్రింగ్‌కు తర్వాతి తూటాను పైకి ఎత్తడానికి దొరికే వ్యవధి చాలా స్వల్పం. పెద్ద పిస్తోలు ఓర్చుకునే తూటా తేడాలను ఇది ఓర్చుకోదు. 2011లో వచ్చిన కింబర్ సోలోకు 124 లేదా 147 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్లున్న మేలురకం తూటాలే వాడాలని తయారీదారే చెప్పారు. చవకైన 115 గ్రెయిన్ల తూటాలతో సాధన చేద్దామని కొన్నవారు నిరాశపడ్డారు. మీ పిస్తోలుతో వచ్చిన పుస్తకంలో ఇలాంటి షరతు ఉందేమో ముందు చూడండి.

ఆ తర్వాత మ్యాగజైన్లకు ఒకటి, రెండు అని రంగుతో గుర్తు పెట్టి, ఏ మ్యాగజైన్‌తో, ఎన్నో తూటా దగ్గర, ఏ విధంగా ఆగిందో రాసుకోండి. ఒక్క మ్యాగజైన్‌తోనే ఆగుతుంటే తూటాను పట్టి ఉంచే దాని పైఅంచు పెదవులను మరొకదానితో పోల్చండి. ఒకవైపు కొంచెం విప్పారి ఉన్నా తూటా వంకరగా లేస్తుంది. కొత్త మ్యాగజైన్ కొంటే పోయే జబ్బుకు పిస్తోలునే అమ్మేసినవారిని చాలామందిని చూశాను. అన్ని మ్యాగజైన్లతోనూ ఆగుతుంటే తూటా రకం మార్చండి. అప్పటికీ ఖాళీ కేస్ బయటికి రాకుండా ఇరుక్కుంటుంటే ఎక్స్‌ట్రాక్టర్ గోరు కింద చేరిన ఇత్తడి పొడిని చూడాలి, ఛాంబర్‌ను శుభ్రం చేయాలి. తూటా సగం ఎక్కి ఆగుతుంటే ఇంకొకరిచేత కాల్పించి చూడండి, ఎందుకంటే తేలికైన పిస్తోలును మణికట్టు సడలించి పట్టుకుంటే స్లైడ్ పూర్తి దూరం వెళ్ళదు. ఇవన్నీ చూశాక కూడా మొరాయిస్తే రాసుకున్న వివరాలతో సహా తయారీదారుకు పంపండి. వివరాలున్న ఫిర్యాదుకు వచ్చే జవాబు వేరుగా ఉంటుంది. తూటా ఛాంబర్‌లోకి ఎక్కే ఏటవాలు దారిని, అంటే ఫీడ్ ర్యాంప్‌ను మీరే ఆకురాయితో అరగదీయవద్దు, అక్కడ పోయిన ఉక్కు తిరిగి రాదు.

మీ ఫిర్యాదు మొరాయించడం గురించే అయినా ఒక్క సంగతి జాగ్రత్తగా గమనించండి. ఒకసారి నొక్కితే రెండు పేలినా, స్లైడ్ మూసుకుంటున్నప్పుడు దానంతట అదే పేలినా, పైన చెప్పిన పరీక్షలేవీ చేయవద్దు. 2013లో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ తన ఎక్స్‌డీ-ఎస్ పిస్తోళ్ళను సరిగ్గా ఈ రెండు ప్రమాదాల కారణంగానే వెనక్కి పిలిచింది. అలా జరిగితే మూతిని భద్రమైన దిక్కున ఉంచి, మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీ చేసి, మీ సీరియల్ నంబరు వెనక్కి పిలిచినవాటి జాబితాలో ఉందేమో తయారీదారును అడగండి. జాబితాలో లేకపోయినా సరే, అర్హత ఉన్న మరమ్మతుదారు తెరిచి చూసేదాకా అందులో తూటా పెట్టవద్దు.